రామనవమి పందిట్లో కచేరీ: చామరాజపేటకు మొదటిసారి వెళ్ళే తెలుగువాళ్ళ కోసం

మాది ప్రొద్దుటూరు. బెంగళూరు వచ్చి పదహారేళ్ళయింది. చామరాజపేటలో ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో ఏటా రామనవమికి పందిరి వేసి నెల రోజుల పాటు కచేరీలు పెడతారని మొదటి ఐదేళ్ళు నాకు తెలియనే తెలియదు. చివరికి మా ఓనరమ్మ తీసుకెళ్ళింది. డెబ్బై దాటిన కన్నడావిడ. ఆ సాయంత్రం ఎవరో అమ్మాయి ‘నగుమోము’ పాడుతోంది. చరణం రాగానే ఓనరమ్మ నా వైపు వంగి, "ఇదు నిమ్మ భాషె అల్వా? అర్థ హేళమ్మా" అంది. మీ భాషే కదా, అర్థం చెప్పమ్మా అని.

నాకు చెప్పడానికి రాలేదు. పాట కొత్తది కాదు. చిన్నప్పటి నుంచి పొద్దున్నే రేడియోలో విన్నదే. కానీ ఎప్పుడూ రాగంగానే విన్నాను, మాటలుగా వినలేదు. ఇంటికొచ్చాక సాహిత్యం వెతికి చదువుకున్నాను. "ఖగరాజు నీ ఆనతి విని వేగ చనలేదో, గగనానికిలకు బహు దూరంబనినాడో." నువ్వు చెబితే గరుత్మంతుడు వెంటనే బయల్దేరలేదా, ఆకాశానికీ భూమికీ చాలా దూరమన్నాడా అని త్యాగరాజు రాముణ్ణి అడుగుతున్నాడు. ఎదురుచూసి ఎదురుచూసి, రానివాళ్ళ తరఫున తానే సాకులు వెతుకుతున్న మనిషి మాట అది. మా అవ్వ కూడా పండక్కి రాని కొడుకు గురించి ఇలాగే మాట్లాడేది: బస్సు దొరకలేదేమో, సెలవు ఇవ్వలేదేమో అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అంత పందిట్లో చాలామందికి ఆ మాట రాగం వెనక దాగిపోయి ఉంటుంది. మనకు దాగదు, కొంచెం కష్టపడితే. అందుకే ఇది రాస్తున్నాను. ఎలా వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నవి కూడా చెప్తాను. కానీ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది మాట వినడం గురించి.

ఇది ఏ కచేరీ, ఎప్పుడు

ఈ కచేరీలు పెట్టే శ్రీరామ సేవా మండలి 1939లో మొదలైంది. మొదలుపెట్టిన ఎస్.వి. నారాయణస్వామి రావు అప్పటికి ఇంకా కుర్రవాడు. అప్పటి నుంచి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ, హిందుస్తానీ నుంచి భీమ్‌సేన్ జోషి లాంటి వాళ్ళు ఇక్కడ పాడారు. చైత్ర శుద్ధ నవమిని పట్టుకుని నడుస్తుంది కాబట్టి తేదీలు ఏటా మారతాయి. దాదాపు ఏప్రిల్ అంతా, మే మొదట్లోకి కూడా కొన్ని రోజులు వస్తాయి. ఎక్కువగా కర్ణాటక సంగీతమే. హిందుస్తానీకి కొన్ని రోజులు కేటాయిస్తారు.

ఇక్కడ ఏసీ హాలు ఊహించుకోకండి. నూరేళ్ళు దాటిన స్కూలు, దాని మైదానం, అందులో పెద్ద పందిరి, వేదిక మీద సీతారాముల పటం. పందిరి కింద కుర్చీలు. ఓనరమ్మ చిన్నతనంలో వాళ్ళింట్లో అందరికీ టికెట్ కొనే స్తోమత ఉండేది కాదట. బయట పేపర్లు పరుచుకుని కూర్చుని లౌడ్ స్పీకర్లో వినేవాళ్ళట. ఆవిడకు వచ్చిన కీర్తనల్లో సగం అలా రోడ్డు పక్కన నేర్చుకున్నవే.

సీజన్ మొత్తానికి పాసు ఉంటుంది, ఏ రోజుకారోజు టికెట్లూ ఉంటాయి. ధర, వేళ, వేదిక ఆ ఏటి కార్యక్రమ పత్రికలో చూసుకోండి. పెద్ద కచేరీ మామూలుగా సాయంత్రం ఆరు దాటాక మొదలై మూడు గంటలు నడుస్తుంది. మొదటి ఏడాది పాసు కొనకండి. నెలంతా రోజూ వెళ్ళగలమన్న ఉత్సాహం ఉద్యోగం చేసేవాళ్ళకు రెండో వారానికే తగ్గిపోతుంది. వెళ్ళలేని రోజుల గురించి దిగులు ఒకటి మిగులుతుంది. మూడు రోజులు ఎంచుకోండి, చాలు.

ఏ మూడు? అందరూ పెద్ద పేరున్న రోజు ఎంచుకుంటారు. ఒకటి అలాగే పెట్టుకోండి, తప్పు లేదు. కానీ ఆ రోజు జనం ఎక్కువ. వెనక వరుసల్లో కూర్చోవాల్సి వస్తే గాయకుడి ముఖం కనబడదు, పెదాలు కనబడవు. మాట వినాలనుకునేవాళ్ళకు పెదాలు కనబడటం చాలా ముఖ్యం. కాబట్టి రెండో రోజుగా వారం మధ్యలో, మీరు పేరు కూడా వినని ఒక చిన్న వయసు గాయని కచేరీ పెట్టుకోండి. ముందు వరుసల్లో చోటు దొరికే అవకాశం ఎక్కువ. మూడోది వాద్య కచేరీ. వీణో, వేణువో, వయొలినో. మాటల గురించి చెబుతూ మాటలే లేని కచేరీకి ఎందుకు పొమ్మంటున్నానో కింద చెప్తాను.

వెళ్ళే ముందు వారం

కర్ణాటక కచేరీలో ఏం పాడతారో ముందుగా చెప్పరు. అందుకని చాలామంది ఏ తయారీ లేకుండా వెళ్తారు. నేను చెప్పేది వేరు. పది పాటల సాహిత్యం చదువుకుని వెళ్ళండి. రామనవమి పందిరి కాబట్టి రాముడి మీద కీర్తనలు వస్తాయి, అందులో త్యాగరాజువి తప్పకుండా ఉంటాయి. పదింటిలో రెండు మూడు మీకు ఎదురుపడతాయి. ఎదురుపడినప్పుడు కలిగే సంతోషం కోసమైనా ఆ వారం కష్టం పడొచ్చు.

నేను మొదటి ఏడాది చదువుకున్న వాటిలో ‘నగుమోము’, ‘పక్కల నిలబడి’, ‘ఎందరో మహానుభావులు’, ‘బ్రోచేవారెవరురా’, రామదాసు ‘పలుకే బంగారమాయెనా’ ఉన్నాయి. ‘బ్రోచేవారెవరురా’ గురించి ఒక మాట. ‘శంకరాభరణం’ సినిమా వల్ల అది మనింటి పాట అయిపోయింది. రాసింది మాత్రం మైసూరు వాసుదేవాచార్యులు. ఈ కన్నడ నేల మనిషి, మైసూరు ఆస్థాన విద్వాంసుడు. ఆయన రచనలు తెలుగులోనూ సంస్కృతంలోనూ ఉన్నాయి. ఓనరమ్మకు ఆ పాటంటే ప్రాణం. మా మైసూరు పాట అంటుంది, మా తెలుగు పాట అంటాను. ఇద్దరిదీ నిజమే.

చదివే పద్ధతి ఇది. మొదట పాట వినకండి, కాగితం మీద చదవండి. కీర్తనలో మాటల వరుస మనం మాట్లాడే వరుసలో ఉండదు. రాగం కోసం, ప్రాస కోసం అటూ ఇటూ అవుతుంది. అందుకని ముందు క్రియ ఎక్కడుందో వెతకండి. ‘నగుమోము గనలేని నా జాలి తెలిసి, నను బ్రోవ రాదా’ అన్నప్పుడు ‘రాదా’ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. ఏం రాదా? కాపాడరాదా. ఎవరిని? నన్ను. ఏం తెలిసి? నీ నవ్వు ముఖం చూడలేకపోతున్న నా దిగులు తెలిసి. పల్లవి అలా విప్పుకున్నాక దాన్ని మీ మాటల్లో, మీ ఊరి యాసలో ఒక్కసారి పైకి అనండి. ‘నా బాధ తెలిసి కూడా నన్ను కాపాడకూడదా సామీ’ అని. ఆ తర్వాత ఎవరు ఏ రాగంలో ఎంత సాగదీసి పాడినా ఆ వాక్యం మీ చెవిలో చెదరదు.

కొన్ని పాత మాటలు పదే పదే వస్తాయి. బ్రోచు అంటే కాపాడు. నెనరు అంటే ప్రేమ. కొలుచు అంటే సేవించు. మొరలిడు అంటే మొర పెట్టుకోవడం. తాళను అంటే ఓర్చుకోలేను. చనువు, జాలి, ముచ్చట అన్నవి మనం ఇప్పటికీ వాడుతూనే ఉన్నాం. ఈ కాసిని మాటలు తెలిస్తే త్యాగరాజు సగం అర్థమైనట్టే. ఆయన 1767లో పుట్టి 1847లో పోయారు. కావేరి ఒడ్డున తమిళుల మధ్య బతుకుతూ ఇంట్లో మాట్లాడే తెలుగులో దేవుడితో మాట్లాడారు. గ్రాంథికం అనుకుని భయపడేవాళ్ళకు ఈ సంగతి చెప్తుంటాను.

ఇంకొకటి. పాట ఎవరిదో పోల్చుకోవడానికి ముద్ర వినండి. చరణం చివర రచయిత తన పేరో, తన దైవం పేరో పెడతాడు. త్యాగరాజు అని వస్తే త్యాగయ్యది. గురుగుహ అంటే దీక్షితార్, అది దాదాపు ఎప్పుడూ సంస్కృతమే. శ్యామకృష్ణ అంటే శ్యామశాస్త్రి. వాసుదేవ అంటే వాసుదేవాచార్యులు. పురందర విఠల అంటే పురందరదాసు, అప్పుడు ఓనరమ్మ నాకు అర్థం చెప్తుంది. ముద్ర వచ్చిందంటే సాహిత్యం చివరికొచ్చిందని కూడా గుర్తు. ఫోను తీసి వెతకాల్సిన పని ఉండదు.

దారి, సామాను

మెట్రో ఆకుపచ్చ లైన్లో కృష్ణరాజేంద్ర మార్కెట్ స్టేషన్లో దిగండి. అక్కడి నుంచి నడిచిపోయే దూరమే. కోట వెంకటరమణ స్వామి గుడి వైపు వచ్చి, ఎవరినైనా "ఫోర్ట్ హైస్కూల్ ఎల్లిదె" అని అడిగితే చెప్తారు. కారు వద్దు. సాయంత్రం మార్కెట్ చుట్టుపక్కల ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే కచేరీ మొదట్లో పాడే వర్ణం పోతుంది, ఆ టెన్షన్‌తో కూర్చుంటే మొదటి రెండు పాటలు కూడా తలకెక్కవు. తొందరగా వచ్చినవాళ్ళు గుడి పక్కనే ఉన్న టిప్పు వేసవి మహల్ చూడొచ్చు. 1791లో పూర్తయిన చెక్క స్తంభాల కట్టడం. సాయంత్రం మూసేస్తారు కాబట్టి ముందే చూసుకోండి.

ఏప్రిల్‌లో పగలు ముప్పై నాలుగు డిగ్రీల దాకా పోతుంది. రాయలసీమ నుంచి వచ్చేవాళ్ళకు ఇది ఎండే కాదు. కానీ చీకటి పడ్డాక గాలి చల్లబడుతుంది. పల్చటి శాలువా, గొడుగు, నీళ్ళు. కుర్చీ మీద వేసుకోవడానికి చిన్న మెత్త తెచ్చుకుంటే నడుము నొప్పి ఉన్నవాళ్ళు మూడు గంటలు కూర్చోగలరు. మా ఓనరమ్మ సంచీలో ఇవి కాక ఒక విసనకర్ర, ఒక చిన్న స్టీలు డబ్బాలో పెసరపప్పు కోసంబరి ఉంటాయి. మన వడపప్పుకి కాస్త దోసకాయ, కొబ్బరి, పోపు తగిలితే అదే కోసంబరి. రామనవమి రోజుల్లో ఇక్కడ పానకం, నీళ్ళ మజ్జిగ, కోసంబరి ఇవ్వడం ఆనవాయితీ. తీసుకోండి. కానీ కచేరీ జరుగుతుండగా కుర్చీలో కూర్చుని తినకండి. ప్లాస్టిక్ కవరు విప్పే చప్పుడు ఆలాపనలో ఎంత దూరం వినబడుతుందో విప్పేవాళ్ళకు తెలియదు.

ఎక్కడ కూర్చోవాలి

అరగంట ముందు వెళ్ళండి. మొదట స్పీకర్లు ఎక్కడున్నాయో చూడండి. స్పీకరుకు ఎదురుగా, దగ్గరగా కూర్చుంటే మృదంగం చెవి మీద కొడుతుంది, మాటను మింగేస్తుంది. బాగా వెనక కూర్చుంటే రోడ్డు మీద బస్సుల హారన్లు కలుస్తాయి. నాకు నచ్చింది ముందు మూడో వంతులో, మధ్య దారికి దగ్గరగా, పైన ఫ్యాను నేరుగా లేని చోటు.

వేదిక మీద గాయకులకు కుడి పక్కన, అంటే మనకు ఎడమ వైపు మృదంగం ఉంటుంది. వయొలిన్ మనకు కుడి వైపు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు కాస్త ఎడమగా కూర్చుంటే మృదంగ విద్వాంసుడి కుడి చెయ్యి బాగా కనబడుతుంది. కచేరీ మొదలవ్వక ముందు ఆయన ఎడమ మూత మీద తడిపిన రవ్వ ముద్ద అద్దుతాడు. అదిగో, ఆ బరువు వల్లే కింది శ్రుతిలో ‘గుమ్’ అని ఆ లోతైన నాదం వస్తుంది. తర్వాత రాయితో అంచు మీద మెల్లగా కొట్టి శ్రుతి కలుపుతాడు. పిల్లల్ని తీసుకెళ్తే ఈ పది నిమిషాలు తప్పకుండా చూపించండి. మా అక్క కొడుకు ఎనిమిదేళ్ళప్పుడు ఇది చూసి, ఇంటికెళ్ళి ఉప్మా రవ్వ తడిపి స్టీలు డబ్బా మూతకు అద్దాడు. ఇప్పుడు మృదంగం నేర్చుకుంటున్నాడు.

వినడం

వర్ణంతో మొదలుపెడతారు. గొంతు, చెయ్యి వేడెక్కే సమయం. మీరు కూడా అప్పుడే స్థిరపడండి. తాళం పట్టుకోవడానికి గాయకుల కుడి చెయ్యి తొడ మీద ఎలా పడుతోందో చూడండి. అరచెయ్యి ఒకసారి, ఆ తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, మళ్ళీ అరచెయ్యి, తిప్పు, అరచెయ్యి, తిప్పు. మొత్తం ఎనిమిది. అది ఆది తాళం. ఎక్కువ పాటలు ఇందులోనే ఉంటాయి. మెల్లగా, చప్పుడు రాకుండా మీ తొడ మీద వేసుకోండి. తప్పిపోతే మొదటి దెబ్బ దగ్గర మళ్ళీ కలవండి. ఎవరూ చూడరు.

చిన్న పాటలు రెండు మూడు అయ్యాక ఒక రాగాన్ని మాట లేకుండా మెల్లగా విప్పుతారు. ఇది ఆలాపన. ఇక్కడ కొత్తవాళ్ళు విసుగు పడేది, పాట ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూడటం వల్ల. ఎదురుచూడకండి. గాయని మొదట కింది స్థాయిలో తిరుగుతుంది, మెల్లగా పైకి ఎక్కుతుంది, పై షడ్జం, అంటే పై ‘స’ దగ్గర నిలుస్తుంది, మళ్ళీ దిగుతుంది. ఇంట్లోకి కొత్తగా వచ్చినవాళ్ళకు వరండా నుంచి పెరడు దాకా చూపించినట్టు. ఆమె ఆగగానే వయొలిన్ తన పద్ధతిలో అదే ఇల్లు చూపిస్తుంది. రాగం పేరు తెలియకపోయినా పరవాలేదు. పక్కవాళ్ళను గట్టిగా ‘ఏ రాగం’ అని అడగడం మాత్రం వద్దు. పాట అయ్యాక అడగండి, ఈ పందిట్లో సంతోషంగా చెప్పేవాళ్ళు ఇటు ఇద్దరు, అటు ఇద్దరు ఉంటారు.

తర్వాత కీర్తన. మీరు చదువుకున్నదైతే పల్లవి మొదటి మాట దగ్గరే గుండె కొట్టుకుంటుంది. ఒకే పల్లవిని నాలుగైదు సార్లు పాడతారు, ప్రతిసారీ కొంచెం మారుతుంది. దాన్ని సంగతులు అంటారు. మీ చేతిలో వాక్యం ఉంది కాబట్టి ఒక పని చేయండి: ప్రతి సంగతికీ ఆ మాట ఎలా మారిందో చూడండి. మొదటిసారి బతిమాలినట్టు, రెండోసారి నిష్ఠూరంగా, మూడోసారి ఏడ్చినట్టు. అదే మాట, అదే రాగం. తెలుగు రానివాళ్ళకు సంగతుల్లో స్వరాలు మారడం వినబడుతుంది. మనకు మనిషి మనసు మారడం వినబడుతుంది.

దీనికంటే ఎక్కువ మాట పట్టుకునే చోటు నెరవల్. పాటలో ఒక్క పంక్తి తీసుకుని, ఆ తాళంలోనే మాటలు చెదరకుండా, ఆ రాగంలో వచ్చే స్వరాలన్నిటిలో తిప్పుతారు. ‘పక్కల నిలబడి’ పాడితే చాలామంది ‘మనసున దలచి మైమరచియున్నారా’ దగ్గర నెరవల్ చేస్తారు. ఖరహరప్రియ రాగం, ఏడు లెక్క తాళం, మిశ్రచాపు. రాముడికి అటు ఇటు నిలబడి సేవ చేస్తున్న సీతనూ లక్ష్మణుణ్ణీ త్యాగరాజు అడుగుతున్నాడు: మీరు కొలిచే ఆ ముచ్చట నాకు బాగా చెప్పకూడదా? ఒంటితో మొక్కుతున్నారా, చనువుగా పేరు పాడుతున్నారా, మనసులో తలుచుకుని మైమరచిపోయారా? పదిహేను నిమిషాలు ఆ ఒక్క పంక్తే తిరుగుతుంటే, పందిట్లో కూర్చున్న మీరే ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినట్టు ఉంటుంది. మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం నేను ఓనరమ్మ చెవిలో ఆ పంక్తి అర్థం చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఉచ్చారణ గురించి చెప్పాలి. తెలుగు మాతృభాష కాని గాయకులు కొన్నిసార్లు మాటను తప్పు చోట విరుస్తారు. ‘ళ’, ‘ల’ కలుస్తాయి, పొడుగు పొట్టి అవుతుంది. మనవాళ్ళు కొందరు అక్కడే గుసగుసలు మొదలుపెడతారు. దయచేసి వద్దు. మన ఇళ్ళల్లో మనం వదిలేసిన మాటల్ని వాళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకుని, నిలబెట్టి, మనకే మళ్ళీ వినిపిస్తున్నారు. నాకు ఆ తప్పు వినబడినప్పుడు మనసులో సరైన మాట అనుకుని ముందుకు పోతాను.

ఇప్పుడు వాద్య కచేరీ సంగతి. వీణ మీదో, వయొలిన్ మీదో తెలిసిన కీర్తన వాయిస్తే సాహిత్యం మీరే లోపల పాడుకుంటారు. మంచి వైణికులు మాట ఎక్కడ మొదలవుతుందో అక్కడే తీగ మీటుతారు, మాట సాగినంత సేపూ మీటకుండా లాగుతారు. చదువుకుని వెళ్ళినవాళ్ళకు తీగ మీద అక్షరాలు వినబడతాయి. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ పాత రికార్డింగు ఒకటి ముందు రోజు ఇంట్లో వినండి. అంత చిన్న పరికరం మీద తెలుగు ఎలా పలుకుతుందో తెలుస్తుంది. వీణ రోజున మాత్రం ఇంకాస్త ముందుకు కూర్చోండి, దాని నాదం సన్నం.

తని ఆవర్తనం అప్పుడు లేవకండి

పెద్ద పాట చివర గాయకులు ఆగి, తాళం వేస్తూ మృదంగానికి చోటిస్తారు. పది నుంచి ఇరవై నిమిషాలు. ఘటమో, కంజీరో పక్కన ఉంటే ఇద్దరూ వంతులేసుకుంటారు. సరిగ్గా అప్పుడే పందిట్లో సగం మంది కాఫీకి లేస్తారు. నాకు ఇది చాలా బాధ. రెండు గంటలుగా ప్రతి మాటకూ తోడు నడిచిన మనిషికి తన మాట చెప్పుకునే వంతు వచ్చినప్పుడు మనం వెళ్ళిపోతున్నాం.

వినడం కష్టం కాదు. మొదట ఇద్దరూ చెరో నాలుగైదు నిమిషాలు వాయిస్తారు. తర్వాత వంతులు చిన్నవవుతాయి. ఇద్దరు పిల్లలు మాట మీద మాట అందుకున్నట్టు, చివరికి చెరో నాలుగు దెబ్బల దాకా వస్తుంది. ఆ తర్వాత కలిసి వాయిస్తారు. ఆఖరున ఒకే ముక్తాయింపు మూడుసార్లు వస్తుంది. మొదటిసారి ఆశ్చర్యంగా, రెండోసారి గుర్తుపడుతూ, మూడోసారి మీ చెయ్యి కూడా తాళం మీద పడేలా వినండి. మూడోది ముగిసిన చోటే గాయని పాట పంక్తి అందుకుంటుంది. ఆ చప్పట్లలో మీరూ ఉండాలి. కాఫీ తని తర్వాత కూడా దొరుకుతుంది. ఎప్పుడైనా లేవాలనుకుంటే పాటకూ పాటకూ మధ్య లేవండి.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలన్న భయం కొత్తవాళ్ళకు ఉంటుంది. ఆలాపన అయ్యాక, వయొలిన్ వంతు అయ్యాక, తని అయ్యాక, పాట అయ్యాక కొట్టొచ్చు. మధ్యలో బాగుందనిపిస్తే తల ఊపండి, ‘ఆహా’ అనండి. వేదిక మీదికి అది చేరుతుంది. ఫోను సైలెంట్‌లో పెట్టండి. రికార్డు చేయకండి.

వాన వస్తే

ఏప్రిల్ సాయంత్రాల్లో ఇక్కడ మామిడి జల్లులు పడతాయి. ముందు గాలి లేస్తుంది, పందిరి గుడ్డలు ఊగుతాయి, ఆ తర్వాత పెద్ద చినుకులు. అంచుల్లో కూర్చున్నవాళ్ళు మధ్యకు జరగాలి. కాబట్టి ఆకాశం నల్లగా ఉన్న రోజు మొదటి నుంచే మధ్యలో కూర్చోండి. తేమకు మృదంగం శ్రుతి దిగుతుంది, విద్వాంసులు పాటకూ పాటకూ మధ్య మళ్ళీ కలుపుకుంటారు. అప్పుడు ఓపిక పట్టండి. ఒక ఏడాది వాన చప్పుడులో మాట వినబడక గాయకుడు కళ్ళు మూసుకుని తంబూర శ్రుతిలో మెల్లగా ఆలాపన సాగించాడు, వాన తగ్గేదాకా కీర్తన ఎత్తుకోలేదు. ఆ రోజు ఎవరూ లేచి వెళ్ళలేదు.

చివర్లో

పెద్ద పాట అయిపోయాక చిన్నవి వరసగా వస్తాయి. కన్నడ దాసుల దేవరనామాలు, రామదాసు కీర్తనలు, అన్నమయ్య, ఒక్కోసారి క్షేత్రయ్య పదం. నెరవల్ లేదు, లెక్కలు లేవు, మాట నేరుగా వస్తుంది. రాగాల గురించి ఏమీ తెలియని పెద్దవాళ్ళను తీసుకెళ్తే వాళ్ళకు ఎక్కువ నచ్చేది ఈ అరగంట. మా అమ్మ మోకాళ్ళ నొప్పితో మూడు గంటలు కూర్చోలేదు, అందుకని ఆమెను ఆఖరి గంటకు తీసుకెళ్తాను. ‘పలుకే బంగారమాయెనా’ వస్తే పక్కవాళ్ళకు వినబడేలా పాడుతుంది. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు, ఆ వరసలో ఇంకో నలుగురు కలుస్తారు.

మంగళం దాకా ఉండండి. సౌరాష్ట్ర రాగంలో ‘నీ నామ రూపములకు’ అని మొదలవగానే కొందరు చెప్పులు వెతుక్కుంటారు. రెండు నిమిషాలే. ఆఖరి మెట్రో వేళ ముందే చూసుకుని ఉంటే తొందర అక్కర్లేదు. ఆకలేస్తే ఆటోలో వీవీపురం ఫుడ్ స్ట్రీట్ దగ్గర్లోనే.

ఇంటికి వెళ్ళాక, పడుకునే ముందు, ఒక చిన్న నోటు పుస్తకంలో ఆ రోజు విన్న పాటలు గుర్తున్నంత వరకు రాయండి. రాగం పక్కవాళ్ళు చెప్పి ఉంటే రాగం, లేకపోతే పాట మొదటి మాట. అర్థం కాని మాట ఒక్కటైనా ఉంటుంది. దాని కింద గీత గీయండి, మర్నాడు నిఘంటువు తీయండి. నా పుస్తకంలో మొదటి పేజీలో ‘ఖగరాజు’ కింద గీత ఉంది. పోయిన ఏడాది ఆఖరి పేజీలో ‘ఒగి’ కింద ఉంది. అది కూడా ‘నగుమోము’లోదే, అనుపల్లవిలో. పదకొండేళ్ళుగా వింటున్నా ఆ మాట దగ్గర ఆగలేదు. ఈసారి పందిరి లేచేలోపు అది ఓనరమ్మకు చెప్పాలి.